పొగగొట్టం వద్దే కార్బన్ డయాక్సైడ్ సేకరణ - విధానాలు, వ్యయం

కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్ కర్మాగారంలో 2009లో ఒక ప్రత్యేక యూనిట్ ప్రారంభమైంది. పొగగొట్టం ద్వారా గాలిలో కలిసిపోయే వాయువుల నుంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసే సామర్థ్యంతో దీనిని నిర్మించారు. సాంకేతిక పరిజ్ఞానాన్ని జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ సంస్థ సమకూర్చింది. సహజవాయువు ఆధారంగా నడిచే ఎరువుల కర్మాగారాలలో తయారైన అమ్మోనియా మొత్తాన్ని యూరియాగా మార్చడానికి చాలినంత కార్బన్ డయాక్సైడ్ లభించదు. టన్ను యూరియాకు సుమారు 730 కిలోలు అవసరం. ఆ లోటును తమ పొగ నుంచే పూడ్చుకోవడానికి ఏర్పాటైన యూనిట్ ఇది. పారిశ్రామిక కార్బన్ సేకరణ గురించి నేడు జరుగుతున్న చర్చ అంతటికీ ఈ ఉదాహరణ చక్కని ప్రాతిపదిక కాగలదు.

ఈ విధానంలో చల్లబరచిన పొగను ఎత్తైన గోపురం వంటి పాత్రలోకి అడుగు నుంచి పంపి, పైనుంచి అమైన్ అనే రసాయన ద్రావణాన్ని జల్లుతారు. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద అమైన్ కార్బన్ డయాక్సైడ్‌ను తనలో కలుపుకుంటుంది. ఆ ద్రావణాన్ని రెండవ గోపురంలో 120 డిగ్రీల వరకు వేడిచేసినప్పుడు వాయువు విడివడుతుంది, ద్రావణం తిరిగి వాడకానికి వస్తుంది. ఖర్చులో సింహభాగం ఈ వేడిచేయడంలోనే ఉన్నది. అందుకు కావలసిన ఆవిరి విద్యుత్ కేంద్రాలలోనైతే టర్బైన్‌కు చేరవలసిన ఆవిరే. కనుక కార్బన్‌ను పట్టిన మేరకు కరెంటు తగ్గుతుంది. పొరల ద్వారా వడకట్టడం, గాలికి బదులు ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించడం వంటి ఇతర పద్ధతులూ ఉన్నప్పటికీ, పెద్దఎత్తున అనుభవం గడించినది అమైన్ పద్ధతియే.

వ్యయాన్ని ప్రధానంగా నిర్ణయించేది పొగలోని వాయువు సాంద్రత. ఇథనాల్ తయారీ, సహజవాయువు శుద్ధి వంటి ప్రక్రియలలో అది దాదాపు స్వచ్ఛంగానే వెలువడుతుంది కాబట్టి టన్నుకు 15 నుంచి 25 డాలర్లతో సరిపోతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. సిమెంటు, విద్యుత్ కేంద్రాల పలుచని పొగ విషయంలో ఇది 40 నుంచి 120 డాలర్లు. రవాణా, నిల్వ ఖర్చులు దీనికి అదనం.

కాకినాడలో వాడిన సాంకేతిక కుటుంబానికే చెందిన యూనిట్‌ను అమెరికాలోని టెక్సాస్‌లో, బొగ్గు విద్యుత్ కేంద్రం వద్ద, పదింతల పరిమాణంలో నిర్మించారు. సుమారు 100 కోట్ల డాలర్ల వ్యయంతో 2017లో మొదలైన ఈ పెట్రా నోవా ప్రాజెక్టులో సేకరించిన వాయువును పాత బావుల నుంచి మరింత చమురు రాబట్టడానికి వినియోగించారు. 2020లో చమురు ధర పతనం కాగానే యూనిట్ మూతపడి, 2023లో గానీ తిరిగి తెరుచుకోలేదు. మన దేశంలో తూత్తుకుడిలోని క్షార రసాయనాల కర్మాగారం 2016 నుంచి తన బాయిలర్ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యంతో, సోడా యాష్ తయారీకి మళ్లించింది. ప్రభుత్వ సబ్సిడీ లేకుండానే అది సాధ్యపడడం విశేషం. సరుకుకు గిరాకీ ఉన్నచోట సేకరణ తన కాళ్లపై తాను నిలబడింది, గిరాకీ సడలినచోట ఆగిపోయింది.

కొనుగోలుదారు లేని వాయువు మాటేమిటన్నది సిమెంటు పరిశ్రమ ముందున్న కఠిన ప్రశ్న. సున్నపురాయి బరువులో దాదాపు 44 శాతం కార్బన్ డయాక్సైడే. బట్టీలో కాలినప్పుడు అది బయటపడక తప్పదు. సిమెంటు ఉద్గారాలలో సుమారు 60 శాతం ఈ రాయి నుంచి వచ్చేవే కాగా, ఇంధనం వాటా మిగిలినదే. బొగ్గు మానివేసి సౌరవిద్యుత్ వాడినా రాయి స్వభావం మారదు. తాడిపత్రి, యర్రగుంట్ల, జగ్గయ్యపేట, మేళ్లచెరువు, తాండూరు ప్రాంతాల బట్టీలన్నింటికీ ఇది వర్తిస్తుంది.

నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారంలో ఏడాదికి 4 లక్షల టన్నులు సేకరించే యూనిట్ 2025 జూన్‌లో ప్రారంభమైంది. ఇది ఆ కర్మాగార ఉద్గారాలలో సగం. ద్రవరూపంలోని వాయువును ఓడలలో తరలించి, సముద్రగర్భం కింద సుమారు 2,600 మీటర్ల లోతున నిక్షిప్తం చేస్తారు. ఇది భాగమైన జాతీయ పథకం వ్యయంలో మూడింట రెండు వంతులు నార్వే ప్రభుత్వమే భరించింది.

భారతదేశంలో వింధ్యాచల్ థర్మల్ కేంద్రంలో ఎన్టీపీసీ 2022లో నెలకొల్పిన యూనిట్ సామర్థ్యం రోజుకు 20 టన్నులు మాత్రమే. అదే సంవత్సరం నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక, 2050 నాటికి ఏటా 75 కోట్ల టన్నుల సేకరణ సామర్థ్యం అవసరమని అంచనా వేసింది. ఈ రెండు అంకెల నడుమ దూరం వేరే వ్యాఖ్య లేకుండానే బోధపడుతుంది. నిల్వకు అనువైనవిగా భావిస్తున్న భూగర్భ నిర్మాణాలలో కృష్ణా-గోదావరి బేసిన్, దక్కను నల్లరాతి పొరలు ఉన్నాయి. అయితే అంచనా వేయడం వేరు, బావి తవ్వి పరీక్షించడం వేరు. మరోవైపు, సిమెంటు, ఉక్కు, ఎరువుల దిగుమతులపై ఐరోపా సమాఖ్య కార్బన్ సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చింది.

ఇటువంటి ప్రాజెక్టుల గణాంకాలను ఉటంకించేటప్పుడు పాత్రికేయులు, అధికారులు రెండు భేదాలను గమనించవలసి ఉంటుంది. సేకరించిన టన్నులు, నివారించిన టన్నులు ఒకటి కావు. సేకరణకు వాడిన ఇంధనం వల్ల వెలువడిన వాయువును తీసివేస్తేనే రెండవ లెక్క వస్తుంది. అలాగే సేకరించినదంతా నిల్వ అయినట్లు కాదు. యూరియాలోకి చేరిన కార్బన్ డయాక్సైడ్, రైతు ఆ యూరియాను చేలో చల్లిన కొద్దిరోజులకే తిరిగి గాలిలోకి చేరుతుంది.