తెర లేవకముందు పాట: మైలవరం నాటకరంగం, పండుగ ప్రదర్శనలు, ధ్వనిముద్రణ

తెలుగు నాటక చరిత్రలో మైలవరం ప్రస్తావన వచ్చినచోటల్లా జమీందారు పోషణ గురించీ, పద్యాలకు పాపట్ల కాంతయ్య కట్టిన వరుసల గురించీ చెబుతారు. ఆ వెంటనే నటుల పేర్లు వస్తాయి. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి వారి గాత్రం, అభినయం, ప్రేక్షకులు కొట్టించిన వన్స్‌మోర్లు. మన చరిత్ర రచన ఇలా ఒక్కొక్కరి గొంతు వెంట నడిచింది. ఆ గొంతులన్నీ కలిసి పాడే సందర్భం ప్రతి ప్రదర్శనకూ ముందు ఒకటి ఉండేది. నాటకం ఏదైనా, ఊరు ఏదైనా, తెర లేవకముందు నటవర్గమంతా నిలబడి పాడే ప్రార్థన అది. దాన్ని నాటకానికి వెలుపలి ఆచారంగా లెక్కగట్టి పక్కన పెట్టడం సరికాదని ఈ వ్యాసం వాదన. తెలుగు రంగస్థలానికి బృందగానమంటూ ఒకటి ఉంటే అది ఈ ప్రార్థనే. పండుగ రాత్రుల్లో వేర్వేరు సమాజాల నటులనూ, సినిమాల్లో పేరు తెచ్చుకున్న వారినీ ఒక వరుసలో నిలబెట్టింది అదే. ధ్వనిముద్రణ వచ్చాక అందరికంటే ఎక్కువ నష్టపోయిందీ అదే.

మైలవరం ఇప్పుడు ఎన్‌టీఆర్ జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అది కృష్ణా జిల్లా మెట్ట. కొండపల్లి కొండలకు ఉత్తరాన మైలవరం, ఇంకా పైకి పోతే తిరువూరు. పడమటి వైపు నందిగామ, జగ్గయ్యపేట, ఆ తరువాత ఒకప్పటి నిజాం సరిహద్దు. డెల్టా ఊళ్లకున్న కాలువల సిరి ఈ సీమకు లేదు. అయినా ఇరవయ్యో శతాబ్ది రెండో దశకంలో మైలవరం జమీందారు సూరానేని వేంకట పాపయ్యారావు పెట్టిన బాలభారతీ నాటక సమాజం డెల్టా పట్టణాల సమాజాలకు దీటుగా నిలిచింది. అప్పటికి తెలుగునాట రెండు రకాల నాటక జీవితం సాగుతున్నది. 1885లో కీచకవధతో మొదలైన సురభి వారు కుటుంబాలుగా ఊరూరా తిరిగి టిక్కెట్టు డబ్బులతో బతికేవారు. పట్టణాల్లో వకీళ్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు అభిమానం కొద్దీ సమాజాలు కట్టుకుని ఆడేవారు. మైలవరానిది మూడో దారి. జమీందారు ఆశ్రయంలో నటులు, వాద్యకారులు ఒకచోట ఉండి సాధన చేశారు. ఒకే సంగీతకర్త చేతి కింద ఇన్ని గొంతులు అన్నాళ్లు పాడడం బృందగానం కుదరడానికి కావలసిన మొదటి ఏర్పాటు. కాంతయ్య వరుసలు ఒక నటుడి గొంతు దగ్గర ఆగిపోకుండా నలుగురి నోళ్లలో నానడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను.

పాట నాటకంలోకి వచ్చిన దారి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ధార్వాడ నాటక కంపెనీ ప్రదర్శనలు కోస్తా పట్టణాల్లో కొత్త నాటకానికి దారి తీశాయి. 1880లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో విద్యార్థులతో నాటకం వేయించారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాల్లో పాటకు చోటిచ్చారు. ఆ తరువాత పార్శీ మెట్లు, హిందూస్తానీ బాణీలు వెల్లువెత్తాయి. హార్మోనియం వేదిక పక్కకు వచ్చి కూర్చుంది.

ప్రార్థన రూపం స్థిరపడడంలో మెట్ట సీమకు పొరుగువాడైన ఒక కవి పాత్ర ఉంది. చందాల కేశవదాసు 1876లో నేటి ఖమ్మం జిల్లా జక్కేపల్లిలో పుట్టారు. హరికథకుడు, అవధాని, నటుడు, నాటక కర్త. కోదాడ దగ్గరి తమ్మరతో ఆయన జీవితం ముడిపడి ఉంది. కోదాడ నుంచి జగ్గయ్యపేట దగ్గరే. మధ్యలో ఉన్నది నిజాం రాజ్యానికీ మద్రాసు రాజధానికీ సరిహద్దు. నాటకం ఆ గీతను లెక్కచేయలేదు. కేశవదాసు ఇటు మైలవరం వారికీ, అటు సురభి వారికీ పాటలు రాసిచ్చారు. తెలుగు నాటకాల ముందు ఇప్పటికీ పాడే పరాబ్రహ్మ ప్రార్థన ఆయన రచనగా ప్రసిద్ధం. ముత్తరాజు సుబ్బారావు రాసిన శ్రీకృష్ణ తులాభారం రంగస్థలం మీద పాటలతో పెరిగింది. ఆ పెరుగుదలలో కేశవదాసు కలం, కాంతయ్య వరుస రెండూ పనిచేశాయి. అందులో సత్యభామ పాడే మీరజాలగలడా పాటను మాత్రం స్థానం నరసింహారావు తానే కూర్చుకున్నారని నాటకరంగంలో చెప్పుకుంటారు. కర్తృత్వం మీద ఈ తగాదాలు రావడం సహజం. నాటకపు పాట నలుగురి చేతులు మారి తయారయ్యే సరుకు. ఒకరు మాట ఇస్తారు, ఒకరు వరుస ఇస్తారు, పాడేవాడు తన గొంతుకు తగినట్టు దాన్ని వంచుకుంటాడు.

ప్రార్థన పాడే తీరు మెట్టలోనూ డెల్టాలోనూ ఒక్కటే. ముఖానికి రంగు పూర్తయినవాళ్లు, సగమే అయినవాళ్లు, కిరీటం ఇంకా పెట్టుకోనివాళ్లు అందరూ తెర వెనక చేరతారు. హార్మోనిస్టు శ్రుతి ఇస్తాడు. కొబ్బరికాయ కొడతారు, కర్పూరం వెలిగిస్తారు. పాట ఎత్తుకునేది సాధారణంగా పెద్ద నటుడో హార్మోనిస్టో. మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆ రాత్రి ఒక్క మాట కూడా లేని ద్వారపాలకుడు సైతం ఇక్కడ గొంతు కలుపుతాడు. తెర అవతల కూర్చున్న ప్రేక్షకులకు మనుషులు కనబడరు, గొంతులు వినబడతాయి. నాటకం మొదలవుతున్నదని ఊరికి తెలిసేది ఆ వినికిడితోనే. భరతుడు చెప్పిన పూర్వరంగానికీ నాందికీ ఇది వారసత్వమని చాలామంది అంటారు. నాకు వీధి భాగవతుల వంత, భజన సమాజాల బృందం దీనికి ఇంకా దగ్గరి చుట్టాలుగా తోస్తాయి. నాంది సూత్రధారుడి సొత్తు. ప్రార్థన అందరిదీ.

దీని అసలు విలువ కంట్రాక్టు నాటకాల కాలంలో బయటపడింది. జమీందారీ పోషణ సన్నగిల్లి స్థిరమైన సమాజాలు చెదిరిపోయాక, నాటకం కంట్రాక్టర్ల చేతికి వచ్చింది. దసరా, సంక్రాంతి, శ్రీరామనవమి పందిళ్లు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల వంటి సందర్భాలకు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి పిలిపించి ఒకే వేదిక మీద ఆడించేవారు. కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఇంకో ఊరివాడు, హార్మోనిస్టు మరో సమాజం మనిషి. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకునే పద్ధతి అప్పుడే బలపడింది. పడక సీను ఒకరికి, రాయబారం సీను ఇంకొకరికి. జనం కూడా అలాగే వచ్చేవారు, తమ అభిమాన నటుడి సీను వినడానికి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు అందరికీ నోటికి వచ్చినవే కాబట్టి ఇది సాధ్యమైంది. రిహార్సలు అనేది ఉండేది కాదు. ఆ సాయంత్రం బస్సు దిగి వచ్చిన నటులకు కలిసి పాడే అవకాశం ప్రార్థన దగ్గరే దొరికేది. ఎవరి శ్రుతి ఎంతలో ఉన్నదో, ఎవరి గొంతు ఆ రాత్రి బాగున్నదో, హార్మోనిస్టు వేలు ఎంత చురుగ్గా ఉన్నదో అక్కడే ఒకరికొకరు తెలుసుకునేవారు. అంటే మొక్కు తీర్చుకుంటూనే నటవర్గం తన పరీక్ష తాను చేసుకునేది. ఒకే వరుస తెలుగు నేల అంతటా ఇంత సమానంగా పరుచుకోవడానికి కారణం కూడా నాకు ఇక్కడే కనబడుతుంది. ఏ ఊరి నటుడు ఏ ఊరి నటుడి పక్కన నిలబడాల్సి వస్తుందో తెలియనప్పుడు, అందరికీ తెలిసిన పాట ఒకటి ఉండి తీరాలి.

ఇలాంటి పండుగ కచేరీలు ఇతర దేశాల్లో ఎలా నడుస్తాయో చూస్తే మన పద్ధతి ప్రత్యేకత తేటపడుతుంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ టేబర్నకిల్ గాయకబృందం ఏటా డిసెంబరులో క్రిస్మస్ కచేరీ చేస్తుంది. మూడు వందల అరవై మంది గాయకులు, పెద్ద వాద్యబృందం. 2008 కచేరీకి బ్రాడ్వే రంగస్థల గాయకుడు బ్రయన్ స్టోక్స్ మిచెల్, నటుడు ఎడ్వర్డ్ హెర్మన్ అతిథులుగా వచ్చారు. ఆ ధ్వనిముద్రణ మరుసటి సంవత్సరం విడుదలైంది. అక్కడ బృందం ఇంటివారు, తారలు చుట్టపుచూపుగా వచ్చినవారు. తార మారినా బృందం మారదు, రికార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది బృందం పేరే. మన తిరునాళ్ల వేదిక మీద వేరే బృందమే లేదు. వచ్చిన తారలే తెర వెనక కాసేపు బృందమవుతారు, తెర లేవగానే విడిపోయి ఎవరి పేరు వారు నిలబెట్టుకుంటారు. ధ్వనిముద్రణ వచ్చినప్పుడు ఈ తేడా చాలా పెద్దదైంది.

మన దేశంలో గ్రామఫోను ముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. 1925 దాకా మైకు లేదు. కొమ్ము లాంటి బూరా ముందు నిలబడి గాయకుడు గట్టిగా పాడితే ఆ ఒత్తిడికి సూది మైనపు పలక మీద గీత గీసేది. బూరా మూతికి దగ్గర ఉన్న గొంతే పలక మీద పడుతుంది. వెనక వరుసలోని గొంతు పొగమంచులో మనిషిలా మసకబారుతుంది. పదిమంది కలిసి పాడితే ముందున్న ఇద్దరే మిగులుతారు. మైకు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. అప్పటికే వ్యాపారానికి ఒక రుచి ఏర్పడింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల పలక ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పలుకుతుంది. రాగం తీసి పాడిన ఒక పద్యం ఆ నిడివిలో చక్కగా ఇమిడిపోతుంది. పలక మధ్యలోని కాగితం మీద నటుడి పేరు అచ్చవుతుంది, ఆ పేరు చూసి జనం కొంటారు. స్థానం నరసింహారావు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, కల్యాణం రఘురామయ్య వంటి వారి గొంతులు నాటకం చూడని ఇళ్లకు కూడా చేరింది ఈ పలకల మీదే. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, హచిన్స్ కంపెనీల తెలుగు పలకలు పద్యాన్ని చిరస్థాయిగా నిలిపాయి. అది గొప్ప మేలు. ఆ మేలుకు మూల్యం చెల్లించింది మాత్రం ప్రార్థన. పేరు లేని గొంతుల సమూహాన్ని ఎవరి పేరు మీద అమ్మాలి? పలకల్లో భద్రమైన నాటకం ఒంటరి గొంతుల నాటకం అయింది. ఆ తరువాత వచ్చిన చరిత్రకారులం ఆ పలకలు వినే నాటకరంగాన్ని ఊహించుకున్నాం. అందుకే మన ఊహలో కూడా నటుడు ఒంటరిగానే నిలబడి పాడుతుంటాడు.

సినిమా ఈ ఒరవడిని ఇంకా బిగించింది. 1932లో వచ్చిన భక్త ప్రహ్లాద ధర్మవరం వారి నాటకం ఆధారంగా, సురభి నటులతో, కేశవదాసు పాటలతో తయారైంది. 1935లో శ్రీకృష్ణ తులాభారం తెరకెక్కినప్పుడు కపిలవాయి కృష్ణుడు, ఋష్యేంద్రమణి సత్యభామ. మరుసటి ఏడాది ద్రౌపదీ వస్త్రాపహరణంలో యడవల్లి దుర్యోధనుడు. మైలవరం వేదిక మీద మెరుగెక్కిన గొంతులు అలా తెర మీదికి వెళ్లాయి. 1966లో సురేష్ ప్రొడక్షన్స్ వారి తులాభారంలో పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో రంగస్థలపు పాటలు కొన్ని మళ్లీ పలికాయి. మీరజాలగలడా సుశీల గొంతులో ఇంటింటికీ చేరింది. ఇన్ని పాటలు నాటకం నుంచి సినిమాకు వెళ్లినా, ప్రార్థనకు అక్కడ పనిలేకపోయింది. సినిమాకు తెర ఎత్తేవాళ్లు లేరు, శ్రుతి పరీక్ష అక్కరలేదు. పేర్లు పడుతున్నప్పుడు వాద్యబృందం ఆ చోటు ఆక్రమించింది.

బృందగానాన్ని మళ్లీ తెలుగు చెవికి దగ్గర చేసింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం మూడూ దాని ప్రసారాల నీడలోనివే. భక్తిరంజని పేరుతో తెల్లవారుజామున ప్రసారమైన గీతాల్లో బాలమురళీకృష్ణ, వోలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి వారి గొంతులతో పాటు బృందగానానికీ గౌరవం దక్కింది. రేడియోకు టిక్కెట్టు లేదు, పలక మీద అచ్చు వేయాల్సిన పేరు లేదు. నిలయ కళాకారులు ఏడాది పొడవునా ఒకచోట ఉండి సాధన చేశారు. ఒకనాడు మైలవరం జమీందారు ఇచ్చిన ఆశ్రయాన్ని ఇక్కడ ప్రభుత్వం ఇచ్చింది. రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు అదే కేంద్రంలో నాటక విభాగం బాధ్యత చూడడం ఈ కొనసాగింపుకు మంచి నిదర్శనం. నాటకంలో కృష్ణుడిగా పేరొందిన మనిషి రేడియో నాటకాల నిర్మాతగా కూర్చున్నప్పుడు స్టూడియోకు రంగస్థలపు అలవాట్లు కూడా వస్తాయి.

క్యాసెట్ల కాలంలో కురుక్షేత్రం, హరిశ్చంద్ర సెట్లు బజారుకు వచ్చి, లారీ క్యాబిన్ల నుంచి హోటళ్ల దాకా మోగాయి. ఇప్పుడు తిరునాళ్ల నాటకాన్ని సెల్‌ఫోన్లలో పట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. అయినా ఫోను తెరిచేది తెర లేచాకే. కోరుకున్న పద్యం రాగానే చేయి పైకెత్తి పడతారు, పద్యం కాగానే దించేస్తారు. ప్రార్థన దగ్గర ఒక్క ఫోనూ లేవదు. గ్రామఫోను కంపెనీకి బూరా చిన్నదన్న కారణం ఉండేది. మనకు ఆ కారణం లేదు.

అందుకే ఈ ప్రాంతంలో పనిచేసే పరిశోధకులకు నా సూచన ఇది. నాటకాన్ని ముద్రించేటప్పుడు ఒక మైకు తెర వెనకే ఉంచాలి, హార్మోనియానికి మరీ దగ్గరగా కాకుండా, నటులు అర్ధవృత్తంగా నిలిచే చోట. శ్రుతి ఇచ్చిన క్షణం నుంచి కర్పూరం ఆరిపోయేదాకా ఆపకూడదు. పాట ఎవరు ఎత్తుకున్నారు, ఏ శ్రుతిలో, చరణాల వరుస ఏమిటి, ఆడవాళ్ల గొంతులు మగవాళ్లతో ఏ స్థాయిలో కలిశాయి, ఎవరు ఎక్కడ తడబడి అందుకున్నారు అన్నవి రాసిపెట్టుకోవాలి. పాల్గొన్న అందరి పేర్లూ నమోదు చేయాలి, చిన్న వేషగాళ్లవి కూడా. జగ్గయ్యపేటలో ముద్రించినదాన్ని కోదాడలో ముద్రించినదానితో, సురభి వారు పాడేదానితో పక్కపక్కన పెట్టి వింటే, కేశవదాసు మాటలు, మైలవరంలో కుదిరిన బాణీలు వందేళ్లలో ఏయే నోళ్లలో ఎలా మారాయో స్వరం స్వరంగా గుర్తించవచ్చు. పద్యం విషయంలో ఈ పని పాత పలకల సాయంతో చేయగలం. ప్రార్థనకు పాత పలకల అండ లేదు కాబట్టి, ఇవాళ పాడుతున్న గొంతులే మనకు మూల ప్రతులు.