చాటకింత చోటు



నిర్మల్ అనగానే మనకు కొయ్యబొమ్మలే గుర్తొస్తాయి. మీలో చాలామంది ఇళ్ళల్లో అద్దాల బీరువాలో నిర్మల్ పళ్ళో పక్షులో ఉండే ఉంటాయి. కానీ ఆ ఊళ్ళోనూ, ఖానాపూర్, భైంసా వైపు పల్లెల్లోనూ ఎంతోమంది ఆడవాళ్ళ ఒళ్ళో ఉండేది బీడీల చాట. ఈవేళ ఆ చాట పెట్టుకునే ఇంటి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

తునికాకు నానబెట్టాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. ఆకుకు తడి కావాలి, తంబాకుకు పొడి చోటు కావాలి. ఉన్నది ఒకటే గది అయితే? పొయ్యీ అక్కడే, పసిపిల్ల ఉయ్యాలా అక్కడే, తంబాకు గంపా అక్కడే. వానకు ఇల్లు కారిందంటే చుట్టిన బీడీలు మెత్తబడతాయి, ఆ రోజు కూలి నీళ్ళపాలే. మన వంటింట్లో పప్పుడబ్బా తడిస్తేనే మనం ఎంత గాభరా పడతామో చూడండి! ఆమెకు ఇల్లే కార్ఖానా మరి.

1966లో బీడీ కార్మికుల కోసం కేంద్రం ఒక చట్టం చేసింది. పనిచేసే చోట గాలీ వెలుతురూ ఉండాలనీ, పసిపిల్లల్ని ఉంచడానికి గది ఉండాలనీ అందులో రాశారు. బాగానే ఉంది. అయితే పని కార్ఖానాల్లోంచి ఇళ్ళకు జారుకుంది. ఇంటికి కిటికీ ఎవరు పెట్టించాలి? యజమాని పెట్టించడు, కిరాయికిచ్చినవాడూ పెట్టించడు.

1976లో పార్లమెంటు ఇంకో మంచి పని చేసింది. బీడీల మీద చిన్న సుంకం వేసి, ఆ డబ్బుతో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పాటు చేసింది. వైద్యం, పిల్లల చదువు, ఇల్లు, అన్నీ ఆ నిధిలోంచే. ఇంటికిచ్చే సాయం 2007లో 40,000 రూపాయలు, 2016లో లక్షన్నర అయింది. ఇందులో ఎవరి దయా లేదు, ఆమె చుట్టిన బీడీ మీద వచ్చిన పైసలే ఆమె గోడకు చేరాయి.

దీంతో ఏమవుతుందో చూడాలంటే షోలాపూరు వెళ్ళాలి. మన తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఆ ఊరికి వలసపోయారు. మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీల మీద బతికారు. ఇప్పటికీ ఆ వాడల్లో తెలుగే వినబడుతుంది. నర్సయ్య ఆడం గారి నాయకత్వంలో ఆ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఊరేగింపులు చేసి, ధర్నాలు చేసి, కుంభారి దగ్గర పదివేల ఇళ్ళు సాధించారు. ఒక వంతు కేంద్రం, ఒక వంతు రాష్ట్రం, మిగతాది కార్మికురాలు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని ప్రారంభించారు. పదివేల ఇళ్ళంటే చిన్న పట్నమే కదండీ!

మరి మన దగ్గర? ఇళ్ళ పథకాలకు కొరతేం లేదు. 1979లో గృహనిర్మాణ సంస్థ వచ్చింది, రామారావు గారి కాలంలో పక్కా ఇళ్ళు వచ్చాయి, 2006లో ఇందిరమ్మ, 2015లో రెండు పడకగదుల ఇళ్ళు, 2024లో మళ్ళీ ఇందిరమ్మ ఇళ్ళు, అయిదు లక్షలు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, లెక్క మొదటికొస్తుంది. ఇప్పటి పథకంలో ఇల్లు ఆడవాళ్ళ పేరనే ఇవ్వడం నాకెంతో నచ్చింది. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్ళకే. కిరాయి గదిలో చాట పట్టుకున్న ఆమెకు జాగా ఎక్కడిది? పునాది లేచాక గానీ మొదటి లక్ష రాదు. పునాదికి వడ్డీకి తెచ్చుకోవలసిందే.

ఇక 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ పాత సుంకాన్ని రద్దు చేసింది. బీడీ మీద పన్ను పోయిందనుకునేరు! 28 శాతం పడింది. 2026లో 18కి తగ్గింది. పన్ను ఉంది, అందులో ఆమె ఇంటికంటూ రాసిపెట్టిన వాటా మాత్రం లేదు. నాకు అన్యాయంగా తోచేది ఇదే.

ఆ వాటా మళ్ళీ చట్టంలో రాయాలి. జాగాతో సహా ఇల్లు ఇవ్వాలి. పునాదికి ముందే కొంత సొమ్ము చేతికందాలి. ఇంట్లో తంబాకుకు వేరే గది, దానికో కిటికీ ఉండాలి. మీ మహిళా మండలిలో ఈ నాలుగు మాటలూ తీర్మానంగా రాసి కలెక్టరు గారికీ, మీ ఎమ్.పి. గారికీ పంపండి. సంతకాలకు నిర్మల్ దాకా పోనక్కర్లేదు, మీ పేట చివర చూడండి, ఏదో ఒక గుమ్మంలో చాట కనిపిస్తుంది.