చిన్న పెట్టె, వేడి కథ

మినీ పీసీ ప్రకటన ఏది చూసినా మొదట కనపడేది దాని పక్కన పెట్టిన అరచెయ్యో, కాఫీ కప్పో. ఎంత చిన్నదో చూడండి అని చెప్పడం. ఆ కింద అంకెల పట్టిక: నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కొంతకాలంగా ఈ పట్టికలను నేను పాత శాసనాలు చదివినట్టు చదువుతున్నాను. ఎవరు గెలిచారో ఉంటుంది, ఏం పోయిందో ఉండదు. కంప్యూటర్ ఇంత చిన్నదవడానికి ఇన్నేళ్లు అడ్డుపడింది చోటు కాదు, వేడి. ఆ మాట ఏ పట్టికలోనూ కనపడదు.

1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక పేపరు ప్రచురించారు. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేస్తూ వోల్టేజీని కూడా ఆ మేరకు తగ్గించుకుంటూ పోతే, అదే చోట ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టినా వేడి పెరగదని అందులో చూపించారు. దాదాపు ముప్ఫై ఏళ్లు చిప్పుల పరిశ్రమ ఈ వరం మీదే బతికింది. 2004 ప్రాంతానికి వరం అయిపోయింది. వోల్టేజీ ఇక దిగనంది, లీకయ్యే కరెంటు పెరిగింది. అప్పటి పెంటియమ్ 4లలో పై మోడళ్లు 115 వాట్ల దాకా వెళ్లాయి. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాదే ఆ ఆలోచన మానుకుంది.

దారి లాప్‌టాప్ వైపు నుంచి దొరికింది. ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం రూపొందించిన పెంటియమ్ ఎమ్ 2003లో వచ్చింది. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర దాని లెక్క 24.5 వాట్లు. క్లాక్ తక్కువ, ఒక్కో టిక్కులో చేసే పని ఎక్కువ. మినీ పీసీకి వంశవృక్షం గీస్తే డెస్క్‌టాప్ మేనమామ అవుతుంది, లాప్‌టాప్ కన్నతల్లి. తెర, కీబోర్డు, బ్యాటరీ తీసేసిన లాప్‌టాప్ అన్నమాట.

అంతకు ముందు ప్రయత్నాలు లేవని కాదు. తైవాన్ కంపెనీ వియా 2001లోనే 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డుకి ‘మినీ-ఐటీఎక్స్’ అని కొలత పెట్టింది. కొన్ని బోర్డులకు ఫ్యాన్ కూడా అక్కర్లేదు. కానీ వాటి మీద ఉన్న ప్రాసెసర్లు మరీ నెమ్మది. బోర్డు చిన్నదయినా చిప్ ఇంకా ఎదగలేదు.

2005 జనవరిలో స్టీవ్ జాబ్స్ మ్యాక్ మినీని చూపించాడు. వెల 499 డాలర్లు. తెర, కీబోర్డు, మౌసు మీవే తెచ్చుకోవాలి. లోపల 1.25 గిగాహెర్ట్జ్ పవర్‌పీసీ జీ4, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ లాప్‌టాప్ హార్డ్‌డిస్కు. మూతకి బయట ఒక్క స్క్రూ కూడా లేదు. ర్యామ్ పెంచుకోవాలంటే గోడలకు పుట్టీ పెట్టే రేకు దూర్చి విప్పేవాళ్లు.

2012 చివర్లో ఇంటెల్ తన నక్‌తో వచ్చింది. బోర్డు నాలుగంగుళాల చదరం. 17 వాట్ల కోర్ ఐ3, 1.8 గిగాహెర్ట్జ్. ర్యామ్, ఎస్ఎస్‌డీ కొనేవాళ్లే పెట్టుకోవాలి. నాలుగు స్క్రూలు తిప్పితే అడుగు ఊడొస్తుంది. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. చిన్నదనానికీ మూత తెరవనివ్వడానికీ పోట్లాట లేదని ఆ పెట్టె రుజువు చేసింది.

రెండేళ్లకే ఎదురు ఉదాహరణ వచ్చింది. 2014 మ్యాక్ మినీలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారు. 2012 మోడల్లో దొరికిన నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా కొత్తదాంట్లో లేదు, ఎంత పెట్టి కొన్నా రెండు కోర్లే. అన్ని కోర్లూ కలిసి చేసే పనుల్లో రెండేళ్ల పాతది కొత్తదాన్ని ఓడించేది. 2018లో ర్యామ్ స్లాట్లు తిరిగి వచ్చాయి. 2020లో ఎమ్1తో మళ్లీ పోయాయి, ఈసారి మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేరింది. దానివల్ల నిజంగానే వేగం వచ్చింది. కొన్న రోజు ఎంత ర్యామ్ ఉందో చివరిదాకా అంతే అన్న షరతు కూడా దానితోనే వచ్చింది.

ఇప్పుడు మన దగ్గర చవక మినీ పీసీల్లో ఎక్కువగా కనపడే ఇంటెల్ ఎన్100కి వద్దాం. 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, గరిష్ఠంగా 3.4 గిగాహెర్ట్జ్, కాగితం మీద 6 వాట్లు. మొత్తం కోర్ల పనిలో ఇది 2015 నాటి 65 వాట్ల ఐ5-6500కి దగ్గరగా వస్తుంది. ఇది చిన్న సంగతి కాదు. రోజంతా సగటున 10 వాట్లు తీసుకుంటే ఏడాదికి 88 యూనిట్లు. ఇంట్లో ఫొటోలూ పుస్తకాలూ దాచుకునే సొంత సర్వర్ ఇప్పుడు మామూలు జీతగాడికి కూడా అందుతుంది.

కానీ ఆ 6, ఆ 3.4 ఒకేసారి నిజం కావు. గరిష్ఠ వేగం కాసేపటికే, ఆ కాసేపు వాట్లు 6 దాటతాయి. చాలామంది తయారీదారులు ఆ పరిమితిని పైకి జరిపి అమ్ముతారు. అప్పుడు భారమంతా హీట్‌సింక్ మీద, ఫ్యాన్ మీద పడుతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో గాలి కన్నా చల్లగా చెయ్యలేదు కదా. 24 డిగ్రీల ఏసీ గదిలో కొలిచిన పెర్ఫార్మెన్స్ రెంటచింతల మే నెలలో ఉండదు. గది 42 డిగ్రీలుంటే చిప్పు 18 డిగ్రీలు ముందే అప్పు పడి ఉంటుంది. హద్దు దగ్గర పడగానే తనంతట తనే నెమ్మదిస్తుంది. పట్టికలో అంకె మాత్రం మారదు.

2023 జూలైలో ఇంటెల్ నక్ తయారీ నుంచి తప్పుకుంది, ఆ పని ఆసుస్ అందుకుంది. పాత నక్‌లు మాత్రం ఇంకా సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి, పాత ర్యామ్ తీసి కొత్తది పెట్టుకుంటే మళ్లీ పనికొస్తున్నాయి. అందుకే ఇప్పుడెవరైనా ఏ మినీ పీసీ కొనమంటావని అడిగితే, గిగాహెర్ట్జ్ సంగతి చివర చూడమంటాను. మూత తెరుచుకుంటుందా, ర్యామ్ మార్చుకోవచ్చా, అరగంట ఆపకుండా పని చేయిస్తే వేగం ఎంత నిలబడుతుంది? ముందు ఈ మూడూ కనుక్కోండి.