2,983 పేర్లు: ఎవరి పక్కన ఎవరు?

న్యూయార్క్ వెళ్లిన మనవాళ్లు చాలామంది ఫొటో దిగే చోటు ఒకటుంది. ట్విన్ టవర్స్ నిలబడ్డ స్థలంలో ఇప్పుడు రెండు పెద్ద చదరపు కొలనులు, ఒక్కోటి దాదాపు ఎకరం. లోపలికి నీళ్లు పడుతూనే ఉంటాయి. చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లు. 2001 సెప్టెంబర్ 11న చనిపోయినవాళ్లవి, 1993లో అక్కడే జరిగిన బాంబు దాడిలో పోయిన ఆరుగురివి. ఆ పేర్లు ఏబీసీడీ వరసలో ఉండవు. మరి ఏ వరస? ఈ ఎపిసోడ్ దాని గురించే.

2003లో డిజైన్ పోటీ పెడితే 63 దేశాల నుంచి 5,201 ఎంట్రీలు వచ్చాయి. 2004 జనవరిలో జ్యూరీ మైకేల్ అరాడ్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ డిజైన్‌ని ఎంచుకుంది. ఆయన ప్లాన్‌లో పేర్లకి అసలు వరసే లేదు. ఆ రోజు చావు ఎవర్నీ వరసపెట్టి తీసుకెళ్లలేదు కదా, పేర్లు కూడా అలాగే ఉండాలని.

ఆలోచన బాగుంది. కానీ కొడుకుని పోగొట్టుకున్న తల్లికి అది వినడానికి ఎలా ఉంటుంది? కుటుంబాలు ఒప్పుకోలేదు. ఫైర్ సిబ్బంది తరఫువాళ్లు యూనిట్ల వారీగా ఉండాలన్నారు. కొందరు కంపెనీ పేరు, వయసు, ఏ అంతస్తో కూడా రాయమన్నారు. గొడవ దాదాపు మూడేళ్లు నడిచింది. 2006 డిసెంబర్‌లో మేయర్ బ్లూమ్‌బర్గ్ ఆధ్వర్యంలోని ఫౌండేషన్ ఒక రాజీకి వచ్చింది: తొమ్మిది గ్రూపులు. టవర్లు, విమానాలు, పెంటగాన్, ఫైర్-పోలీస్ సిబ్బంది, 1993 వాళ్లు ఇలా. ఒకే ఆఫీసువాళ్లు ఒకచోటే ఉంటారు, కంపెనీ పేరు మాత్రం ఉండదు. వయసు కూడా లేదు. వయసు అడిగినవాళ్ల బాధ తీరలేదు, నా లెక్కలో అది న్యాయమైన బాధే.

సరే, గ్రూపు లోపల ఎవరి పక్కన ఎవరు? చనిపోయినవాళ్లు 90కి పైగా దేశాలవాళ్లు. అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి మైక్ ఇచ్చే పని కాదది. అందుకే 2009లో కుటుంబాలకి ఉత్తరాలు పంపారు. పేరు స్పెల్లింగ్ సరిచూడమన్నారు, ఇంకొకటి కూడా అడిగారు: మీవాళ్ల పేరు ఎవరి పేరు పక్కన ఉండాలి?

ప్రశ్న గమనించారా? "డిజైన్ నచ్చిందా, ఏ ఆప్షనా బీ ఆప్షనా" అని కాదు. అది మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ పోల్, ఎవడి వేలు స్పీడైతే వాడిదే గెలుపు. వీళ్లు అడిగింది ఆ కుటుంబానికి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి.

1,200కి పైగా జవాబులొచ్చాయి. ఒకమ్మాయి నాన్న నార్త్ టవర్‌ని ఢీకొన్న విమానంలో ఉన్నారు, ఆమె బెస్ట్ ఫ్రెండ్ అదే టవర్‌లో పనిచేసేది. ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టమని అడిగింది. ఇంకో చోట, మెట్లమీద దిగుతూ కదల్లేకపోయిన ఒక ముక్కూ మొహం తెలియని మనిషిని వదలకుండా ఆగిపోయాడొకాయన. ఇద్దరూ బయటికి రాలేదు. వాళ్ల పేర్లు ఇప్పుడు ఒకేచోట ఉన్నాయి.

ఇక కోడింగ్ బ్యాచ్‌కి. ఏ పక్కన బీ, బీ పక్కన సీ, ఆఫీసువాళ్లంతా కలిసే, పైగా పేర్ల పొడవులు వేరు, పలక సైజు ఫిక్స్. చేత్తో కూర్చోబెట్టాలంటే పిచ్చెక్కుతుంది. లోకల్ ప్రాజెక్ట్స్ అనే డిజైన్ సంస్థతో కలిసి జెర్ థార్ప్ ప్రోగ్రామ్ రాశారు. ముందు లింకులున్న పేర్లన్నీ గుంపులుగా కట్టడం, తర్వాత ఆ గుంపుల్ని పలకల్లో ఇమడ్చడం. అడిగినవి దాదాపు అన్నీ కుదిరాయి. అయినా దాన్నే ఫైనల్ అనలేదు. డిజైనర్లు మళ్లీ స్క్రీన్ మీద ఒక్కో పేరూ జరుపుకుంటూ సరిచేశారు.

2011లో మెమోరియల్ తెరిచారు. పేర్లు కంచులోంచి ఆర్‌పార్ కోసి ఉంటాయి, రాత్రిపూట లోపలి వెలుగు అక్షరాల్లోంచి వస్తుంది. ఏ పేరు పక్కన ఏ పేరు ఎందుకుందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. తెలియనివాళ్లకి అరాడ్ మొదట కోరుకున్నట్టే, వరస లేనట్టే కనిపిస్తుంది.