తేదీ లేని వార్త: టెలిగ్రాం నుంచి ఏఐ దాకా

విశాఖపట్నం మద్దిలపాలెం జంక్షన్‌లో ఎవరైనా ఫోన్ తీసి, విశాఖ స్టీల్‌ప్లాంట్‌ను అమ్మేస్తున్నారా లేదా అని ఏఐ సహాయకుణ్ణి అడిగితే, దాని చదువు ఏ తేదీ దగ్గర ఆగిందో దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో అదే కేంద్రం రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. రెండూ నిజమే, రెండూ ప్రభుత్వ నిర్ణయాలే. పైగా ప్యాకేజీ ఇవ్వడం వేరు, పాత ఆమోదాన్ని రద్దు చేయడం వేరు. ఈ తేడా చెప్పని జవాబు వేల కుటుంబాల బతుకుతో ముడిపడిన విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. బిజినెస్ వార్తల డేటా సేవలకు ఏఐని అనుసంధానించాల్సిన అవసరం ఇక్కడే పుట్టింది. ఆ అనుసంధానాన్ని చాలామంది వేగంతో కొలుస్తున్నారు. నా వాదన వేరు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, నిర్ణయం ఏ దశలో ఉంది అన్న మూడూ కబురుతో పాటు చేరాయా అన్నదే అసలు కొలత.

వ్యాపార వార్తల చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1850లో పాల్ జూలియస్ రాయిటర్ ఆకెన్, బ్రస్సెల్స్ నగరాల మధ్య షేర్ల ధరలను పావురాలతో పంపాడు. మరుసటి ఏడాది లండన్‌లో కార్యాలయం తెరిచాడు. 1866కల్లా అతని వార్తా సంస్థ రాయిటర్స్ బొంబాయి చేరింది. 1933లో విశాఖ రేవు తెరుచుకునేనాటికి సముద్రపు కేబుళ్ల మీదుగా ధరల కబుర్లు దేశదేశాలు తిరుగుతున్నాయి. ఆనాటి టెలిగ్రాం కాగితం పైన బయల్దేరిన ఊరు, తేదీ, గంట ఉండేవి. మాంగనీస్ ఖనిజం ఎగుమతి చేసే వ్యాపారి ముందు ఆ వరుస చూశాకే ధరను నమ్మేవాడనుకోవడం సబబు. నిన్నటి ధరకు ఇవాళ బేరం కుదిరితే నష్టం అతనిదే. 1949లో రాయిటర్స్ నుంచి దేశీయ వార్తల పంపిణీని వార్తా సంస్థ పీటీఐ అందుకుంది. 1974 ఆగస్టు 10న ఈనాడు దినపత్రిక విశాఖలోనే పుట్టింది. తెలుగు పత్రికల్లో చాలా వార్తలు నేటికీ ఊరు పేరుతోనే మొదలవుతాయి. కాలాలు మారినా ఆ వరుస పూర్తిగా పోలేదు.

కంప్యూటర్ తెరల కాలంలో ఆ వరుస ఇంకా బిగిసింది. 1973లో రాయిటర్స్ మానిటర్, 1980ల్లో బ్లూమ్‌బర్గ్ టెర్మినల్ వచ్చి ప్రతి అంకెకూ సంస్థ కోడ్‌నూ క్షణం లెక్కనూ జోడించాయి. మన దేశంలో లిస్టయిన కంపెనీలు బోర్డు తీసుకున్న ముఖ్య నిర్ణయాలను ట్రేడింగ్ వేళల్లో సమావేశం ముగిస్తే 30 నిమిషాల్లో ఎక్స్ఛేంజీలకు చెప్పాలన్నది మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మాత్రం కథ వెనక్కి నడిచింది. వాక్యం చక్కగా ఉంది, తేదీ మాయమైంది. 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఆ లోటుకు ఒక దారి చూపింది. అడిగిన ప్రశ్నను బట్టి ఏఐ డేటా సేవను పిలుస్తుంది. అక్కణ్ణుంచి సంస్థ పేరు, తేదీ, మూలం ఉన్న నమోదులు వస్తాయి. వాటిని ముందు పెట్టుకుని జవాబు రాస్తుంది. కానీ రాసేటప్పుడు ఆ వివరాలను వదిలేస్తే అంత దూరం వెళ్లొచ్చిన ఫలితం దక్కదు.

గూగుల్లో వెతికితే చాలదా అని అడగవచ్చు. వెతుకులాట పేజీలనిస్తుంది, వాటిలో ఏది పాతదో తేల్చుకునే భారం మన మీదే పడుతుంది. విశాఖ విషయంలో పేర్ల చిక్కు కూడా ఉంది. విశాఖ ఉక్కు, వైజాగ్ స్టీల్, రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అన్నవి ఒకే సంస్థకు పేర్లు. విశాఖపట్నం పోర్టు, గంగవరం పోర్టు దగ్గర్లోనే ఉన్నా మొదటిది కేంద్రానిది, రెండోది అదానీలది. వీటిని కోడ్‌తో విడదీసి చూపడం డేటా సేవ చేసే పని. మరింత గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నేను ఒప్పుకుంటాను. ఉక్కు నిగమ్ స్టాక్ మార్కెట్లో లిస్టు కాలేదు. అందువల్ల ఎక్స్ఛేంజీ ప్రకటనల మీద ఆధారపడే సేవ ఎంత ఖరీదైనదైనా, ఈ ఊరి ప్రధాన పరిశ్రమ గురించి దానికి తెలిసేది కొద్దే. అలాంటప్పుడు ఏఐ తన దగ్గర నమోదు లేదని చెప్పాలి. ఖాళీని ఊహతో నింపకూడదు.

ఇంగ్లిషు టెర్మినళ్ల చందా కట్టలేనివారికి ఇదంతా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పార్లమెంటులో మంత్రుల జవాబులు, కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ తెలుగు ప్రకటనలు, రేవు సరకు రవాణా లెక్కలు, నిగమ్ వార్షిక నివేదికలు బహిరంగంగానే ఉన్నాయి. వాటిని తేదీలవారీగా పేర్చి, ఒక్కో నిర్ణయానికీ సూత్రప్రాయ ఆమోదమా, నిధుల విడుదలా, అమలా అన్న గుర్తు వేసి, తెలుగులో అడిగితే తెలుగులో దొరికేలా ఏఐకి కలపడం మద్దిలపాలెం పక్కనున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్, జర్నలిజం విభాగాలు కలిసి చేయదగ్గ పని.