మాచ్‌ఖండ్ నీళ్ల లెక్క

మన మాచ్‌ఖండ్ నది దిగువకు వచ్చేసరికి సీలేరు అవుతుంది. శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. ఆ నీళ్లను జోలాపుట్ దగ్గర ఆపి, డుడుమ దగ్గర మళ్లించి 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. తీగలు మన కొండల మీదుగా విశాఖకు వెళ్లాయి. గెడ్డ పక్కన వరి మడులు మునిగాయి. గదబ, పరజ కుటుంబాలు ఊళ్లు వదిలి లేచిపోయాయి. డుడుమ జలపాతం చిక్కిపోయింది. పట్టా ఉంటేనే కదా పరిహారం! పోడునూ, మేత భూమినీ, ఇప్పచెట్టునూ ఎవరు లెక్కగట్టారు?

తర్వాత దిగువన ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు వచ్చాయి. ఇప్పుడు ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి తలపెట్టారు. కరెంటు మిగిలినప్పుడు డొంకరాయి నీటిని పైన గుంటవాడకు తోడి, అవసరమైనప్పుడు కిందికి వదులుతారు. ఉన్న జలాశయాలే కాబట్టి ముంపు తక్కువ. ఇది మంచి మార్పే, మేము కాదనం. కానీ సొరంగాలు తవ్విన మట్టి ఏ గెడ్డలో పోస్తారు? ఎండాకాలం నదికి ఎంత నీరు వదులుతారు? చేపల సంగతేమిటి? ఇవి గ్రామసభలో అడిగి, జవాబులు తీర్మానంలో రాయించాలి. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. అడవిపై మన హక్కును 2006 చట్టం గుర్తించింది. జోలాపుట్ కట్టిన నాడు మన పెద్దలకు ఈ రెండూ లేవు.