ఎలుగువేట: తుపాకీ ఎవరిది, మోత ఎవరిది?

ఎలుగుబంటిని తెలంగాణ పల్లెల్లో గుడ్డెలుగు అంటారు. కన్నడంలోను, తమిళంలోను అది కరడి, మరాఠీలో అస్వల్, ఒడియాలో భాలు. ఈ సంచిక చదివే విద్యార్థులలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, వీధిలో మరొక పేరు అలవాటు. బళ్ళారి రాతిగుట్టల నుంచి కోరాపుట్ కొండల వరకు తిరిగే జంతువు మాత్రం ఒక్కటే. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల వేటగాళ్ళు ఈ కొండల్లో దీని వెంట పడ్డారు. ఏ తుపాకీ మంచిది, ఏ గుండు లోతుగా దిగుతుంది అన్న చర్చకు వారి పుస్తకాలలో చోటు చాలానే ఉంది. ఆ తుపాకీని కొండమీదికి ఎవరు మోశారన్న ప్రశ్నతో వాటిని చదివితే వేరే చరిత్ర కనిపిస్తుంది.

ముందు జంతువు సంగతి. ఎలుగుకు చూపు మందం, ముక్కు చురుకు. రాత్రంతా చెదపుట్టలు తవ్వి, ఇప్పపూలూ పండ్లూ తిని, తెల్లవారేసరికి గుహకు చేరుతుంది. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టదు. గుర్తుపట్టాక పారిపోవడానికి బదులు తలమీదికి, ముఖంమీదికి దూకడం కద్దు. గుబురు వెంట్రుకల వల్ల అసలు శరీరం ఎంతో తెలియదు. రొమ్ముమీది తెల్లని నామమే గురికి ఆధారం. కనుక ఇది దూరాన నిలబడి తీరిగ్గా గురిచూసే వేట కాదు. కొద్ది గజాల్లో, బండల మధ్య, వెంటవెంటనే రెండు దెబ్బలు వేయగల తుపాకీ కావాలి. జంటగొట్టాల తుపాకీకి అంత గిరాకీ ఏర్పడడానికి ఇది ఒక కారణం.

గొట్టంలోంచి మందు కూరే రోజుల్లో తుపాకీని బోరుతో లెక్కించేవారు. పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం 12 బోరు. అంకె తగ్గినకొద్దీ గొట్టం పెద్దది, బరువు ఎక్కువ. నల్లమందు పేలితే పొగ కమ్మేది. మళ్ళీ మందు కూరేలోగా జంతువు మీదికి వచ్చేది. అందువల్ల వేటగాడి వెనుక, నిండు తుపాకీ పట్టుకుని, ఇంకో మనిషి నిలబడి తీరాలి. అంటే ప్రమాదం ఇద్దరిది, కీర్తి ఒకరిది! 1898లో రిగ్బీ కంపెనీ పొగలేని మందుతో .450 రైఫిలు తెచ్చింది. పొగ సమస్య తీరినా బరువు తీరలేదు. ఈ జాతి జంట రైఫిళ్ళు అయిదు కిలోల దాకా తూగేవి.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. సైన్యపు మార్టినీ-హెన్రీ రైఫిలు కూడా .450 కొలతదే. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతిలో పడతాయన్న భయంతో ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం ఆ కొలత మందుగుండును భారతదేశంలోకి రానివ్వలేదు. ఆ దెబ్బతో ఇంగ్లండు కంపెనీలు .465, .470 వంటి కొత్త కొలతలు తయారుచేశాయి. వేటగాడి రైఫిలు గొట్టాన్ని కూడా పాలకుల భయమే కొలిచిందన్నమాట.

1878 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఈ దేశస్థుడు తుపాకీ ఉంచుకోరాదు. యూరోపియన్లకు మాత్రం నియమాలలో మినహాయింపు ఉండేది. (కొడగువారికి దొరికిన మినహాయింపు అరుదైనది, 2019లో దాన్ని 2029 వరకు పొడిగించారు.) ఫలితం ఏమిటి? ఏ రైఫిలు ఎంచుకోవాలా అన్నది దొరకు సమస్య. ఇప్పపూలు ఏరడానికి తెల్లవారుజామున వెళ్ళి ఎలుగుకు ఎదురుపడే కొండమనిషికి చేతిలో ఉన్నది గొడ్డలి.

ఇక మోత. గుడారం, మడతమంచం, తూటాపెట్టెలు, వంటసామాను కొండదారుల్లో బండి ఎక్కవు. కావళ్ళమీద, తలలమీద వెళ్ళాలి. నాటి విశాఖ, గోదావరి ఏజెన్సీలలో అధికారుల సామాను మోయడం వెట్టిలో భాగం. 1936లో ఒరిస్సాలో చేరేదాకా కోరాపుట్ ప్రాంతం కూడా విశాఖపట్నం జిల్లాలోనిదే. తన తుపాకీ తానే మోసుకునే అమెరికా కొండల వేటగాడు ప్రతి తులమూ లెక్కచూసుకుంటాడు. ఇక్కడి దొరకు ఆ లెక్క అక్కర లేకపోయింది. బరువైన రైఫిలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి జంతువు బలంతోపాటు కూలి చవక కూడా కారణమని మా అభిప్రాయం.

గూడెం ప్రాంతంలో రోడ్డుపనికి మనుషులను తోలి, సరిగా కూలి ఇవ్వని బాస్టియన్ అనే ఉద్యోగి పేరు చరిత్రలో మిగిలింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడి 26 తుపాకులు పట్టుకుపోయింది. అన్నేళ్ళు మోసినవాళ్ళ చేతికి తుపాకీ ఆ విధంగా అందింది.

చివరి తరం వేటగాళ్ళలో కెన్నెత్ ఆండర్సన్ పేరు కర్ణాటక విద్యార్థులకు తెలిసే ఉంటుంది. ఆయన 1910లో పుట్టింది సికింద్రాబాదు దగ్గరి బొలారంలో, స్థిరపడింది బెంగుళూరులో. అరసికెరె దగ్గర 12 మందిని చంపిన ఎలుగును కాల్చిన వృత్తాంతం 1957లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. ఆయన వాడిన .405 వించెస్టరు బరువు నాలుగు కిలోల లోపే. మీట లాగి తోస్తే మరో తూటా ఎక్కుతుంది. టార్చి బిగించుకుని ఒక్కడూ రాత్రిపూట తిరగగలిగాడు. వెనుక నిలబడే మనిషి అవసరం ఆ మీటతో పోయింది.

1972 వన్యప్రాణి చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది. 1994లో బళ్ళారి సీమలోని దరోజి గుట్టలు ఎలుగుల అభయారణ్యమయ్యాయి. కావడి మోసినవారి మాట మాత్రం ఇంకా ఏ పుస్తకానికీ సరిగా ఎక్కలేదు. జయపురం, కోరాపుట్, బళ్ళారి వైపు విద్యార్థులు తమ ఇళ్ళలోని పెద్దలను అడిగి, దొరల సామాను మోతకు సంబంధించిన మాటలను, కూలి లెక్కలను రాసి పంపితే వచ్చే సంచికల్లో ప్రచురిస్తాము. మాట ఏ ఊరిదో, చెప్పినవారి వయసెంతో తప్పక రాయండి.